బ్రేక్ ఆయిల్ నిండుగానే ఉంది, అయినా మార్చాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. కారు కొని ఏడేళ్లయింది, తిరిగింది 38 వేల కిలోమీటర్లే. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ అయిదుగురం అరకు వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు అనంతగిరి ఘాట్ దాదాపు దిగేశాక, శృంగవరపుకోట ఇంకా రాకముందే బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోవడం మొదలైంది. గబగబా నాలుగుసార్లు తొక్కితే పట్టింది. పక్కన ఆపి అరగంట ఆగాక ఏమీ జరగనట్టు మామూలుగా పనిచేసింది. మా మెకానిక్ చూసి, ప్యాడ్లు సగం దాకా ఉన్నాయి, ఆయిల్ మ్యాక్స్ గీత దగ్గరే ఉంది, రంగు కూడా బాగానే ఉంది, మార్చక్కర్లేదన్నాడు. సర్వీస్ సెంటర్‌లో మార్చాల్సిందే అంటున్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ మార్చలేదు. ఎవరి మాట వినాలి? ఇంట్లో మార్చుకోవచ్చా? మా అబ్బాయి బైక్‌కి ముందు డిస్క్ బ్రేక్ ఉంది, దానికీ ఇదే వర్తిస్తుందా?

జవాబు: మార్చాల్సిందే. మార్చేదాకా ఆ కారుతో ఏ ఘాట్ ఎక్కకండి. అరకు, పాడేరు సంగతి అలా ఉంచండి, సింహాచలం కొండ, కైలాసగిరి కూడా వద్దు. బీచ్ రోడ్డు మీద, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో తిరిగినంత కాలం ఈ లోపం మీకు కనబడదు. కొండ దిగేటప్పుడే బయటపడుతుంది.

మీ ఉత్తరంలో అసలైన ఆధారం "అరగంట ఆగితే మామూలైంది" అన్న మాట. పెడల్ తొక్కినప్పుడు మీ కాలి బలాన్ని చక్రం దాకా మోసేది ఆ ద్రవమే. ద్రవాన్ని ఎంత నొక్కినా కుంచించుకోదు, అందుకే పెడల్ గట్టిగా తగులుతుంది. ఆ ద్రవం కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్క్‌కి అదిమే భాగం) దగ్గర మరిగి ఆవిరి బుడగలు కడితే కథ మారిపోతుంది. ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది కాబట్టి మీ బలమంతా బుడగను నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ దాకా చేరదు. గబగబా తొక్కితే పట్టిందంటే, ఒక్కో తొక్కుకీ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ద్రవాన్ని తోసే భాగం) కొంచెం కొంచెం ద్రవాన్ని లోపలికి తోసి ఆ ఖాళీని పూడ్చిందన్నమాట. అరగంటలో చల్లారి ఆవిరి తిరిగి ద్రవమైంది. మీ మెకానిక్ చూసేనాటికి అక్కడ చూడటానికేమీ మిగల్లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు, చూడాల్సిన చోటు అది కాదు, అంతే.

ఇలాంటిదే అనిపించే వేరే లోపాలు కూడా ఉన్నాయి, వాటిని వేరు చేసి చూసుకోవాలి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి, మాడిన వాసన వస్తూ బండి మాత్రం ఆగకపోతే అది ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పడం, ఆయిల్ తప్పు కాదు. బండి నిలిపి, ఇంజన్ నడుస్తుండగా పెడల్‌ని ఒకే బలంతో అరనిమిషం నొక్కి పట్టండి. మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయి, లేదా ఎక్కడో కారుతోంది. కొండ, ఊరు, వేడి, చలి అని లేకుండా ఎప్పుడూ మెత్తగానే ఉంటే లైన్లలో గాలి ఉంది. మీ ఊరికి సంబంధించిన ఇంకొకటి: ఉప్పుగాలికి కాలిపర్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) తుప్పుపట్టి బిగుసుకుపోతే ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటుంది, ఆ ఒక్క చక్రం మిగతావాటికంటే బాగా వేడెక్కుతుంది. పది కిలోమీటర్లు తిరిగొచ్చి ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి (డిస్క్‌ని ముట్టుకోకండి) వేడి పోల్చి చూడండి. ఆయిల్ మార్చే రోజునే పిన్నులు తీయించి, శుభ్రం చేయించి, వాటికి తగిన గ్రీజు పెట్టించండి. కొత్త ఆయిల్ పోసి, బిగుసుకున్న పిన్ను అలాగే వదిలేస్తే సగం పనే చేసినట్టు.

ఇక ఆయిల్ ఎందుకు మరిగిందన్నది. మనం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దీని రకాలను డాట్ అంకెలతో పిలుస్తారు. సీలు తీయని కొత్త డబ్బాలోని డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం కోరే కనీస అంకెలు 140, 155, 180. అంటే డాట్ 4లో అంత కొంచెం నీటికే 75 డిగ్రీల భద్రత పోతుంది. ఏడేళ్ల ద్రవంలో నీరు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

మూత బిగించే ఉందిగా, నీరెలా వెళ్లిందంటారా? మూతకి గాలి ఆడే సన్నని దారి ఉంటుంది, ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దిగాలి కదా. దానికితోడు చక్రాల దగ్గర వంగే రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా తేమ ఏళ్ల తరబడి లోపలికి ఊరుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోతగా ఉండే విశాఖలో ఇది అనంతపురం కంటే వేగంగా జరుగుతుంది. కారు ఎంత తిరిగిందన్న దానితో సంబంధం లేదు. ఇంటి ముందు నిలబెట్టిన కారులోనూ ఆయిల్ పాడవుతూనే ఉంటుంది. 38 వేల కిలోమీటర్లేగా అన్న మీ ఊరట ఇంజన్ ఆయిల్‌కి కొంత నప్పుతుందేమో, దీనికి నప్పదు.

తేమను పీల్చే గుణం లోపమేమీ కాదు, కావాలని ఎంచుకున్నదే. పీల్చుకోకపోతే లోపలికొచ్చిన నీరు చుక్కలు చుక్కలుగా పల్లంలో, అంటే సరిగ్గా కాలిపర్లో చేరి, వంద డిగ్రీలకే మరుగుతుంది, అక్కడే తుప్పు పట్టిస్తుంది. నీటిని తనలో కలుపుకుని ఆ ముప్పును ఆపినందుకు ద్రవం తానే క్రమంగా చెడిపోతుంది. మనం దాన్ని మారుస్తుండాలి, అదే ఒప్పందం.

రంగు చూసి నిర్ణయించకండి. నీటికి రంగు లేదు. తేనె రంగులో ఉన్న ద్రవంలోనూ నాలుగు శాతం నీరుండొచ్చు. నల్లబడితే మాత్రం రబ్బరు, లోహం కరిగి కలుస్తున్నాయని అర్థం, అప్పుడిక ఆలోచించేదేమీ లేదు. లైట్లు వెలిగే పెన్ను లాంటి పరీక్ష సాధనం మాస్టర్ సిలిండర్ పైనుండే ఆయిల్ డబ్బాలో ముంచి చూస్తుంటారు. అది విద్యుత్తు ఎంత పారుతోందో కొలిచి నీటి శాతాన్ని అంచనా కడుతుంది, ఆయిల్ తయారీని బట్టి తప్పు చూపిస్తుంది. పైగా పైన డబ్బాలోని ద్రవాన్నే చూస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇక్కడే ఉంది. ఇంజన్ ఆయిల్‌లాగ బ్రేక్ ఆయిల్ చుట్టూ తిరగదు. పెడల్ తొక్కితే చక్రం దగ్గర కదిలేది ఏ కొద్ది చుక్కలో, వదిలితే అవే వెనక్కొస్తాయి. కాలిపర్లో ఉన్న ద్రవం ఏడేళ్ల క్రితం ఫ్యాక్టరీలో పోసిందే. అసలు వేడి తగిలేది దానికే. పైన డబ్బాలో తాజా ఆయిల్ ఎంత పోసినా అది కిందికి చేరదు. మీ విషయంలో మరో అనుమానం: ప్యాడ్లు సగం అరిగాక కూడా మట్టం మ్యాక్స్ దగ్గరే ఉందంటే, ఏదో సర్వీసులో ఎవరో పైన పోశారు. రంగు బాగుండటానికి కారణం కూడా అదే కావచ్చు. ప్యాడ్లు అరిగి మట్టం దిగితే పోయకూడదు, మిన్ గీతకి పైన ఉంటే చాలు. దిగిన మట్టమే ప్యాడ్లు అరిగాయని చెప్పే గుర్తు. పైగా, నింపేసి ఉంచితే కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టగానే ఆయిల్ పొంగి పెయింట్ మీద పడుతుంది.

ఘాట్ మీద ఎంత వేడి పుడుతుందో ఒక లెక్క చూద్దాం. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అయిదుగురితో, సామానుతో మీ కారు 1,400 కిలోలనుకుంటే, ఆ ఎత్తు దిగడంలో విడుదలయ్యే శక్తి నాలుగైదు లీటర్ల చల్లటి నీటిని మరిగించి పూర్తిగా ఆవిరి చేసేంత. ఇందులో కొంత ఎదురుగాలి, కొంత టైర్ల రాపిడి, సరైన గేరులో ఉంటే చాలావరకు ఇంజన్ తినేస్తాయి. న్యూట్రల్‌లోనో, నాలుగో గేరులోనో దిగితే చాలాభాగం డిస్కులకే. ఆపగానే డిస్కుకి గాలి తగలడం మానేస్తుంది కాబట్టి వేడి ప్యాడ్ గుండా పిస్టన్‌కి, దాన్నుంచి ఆయిల్‌కి పాకుతుంది. వ్యూ పాయింట్ దగ్గర టీకి ఆగి, మళ్లీ బయల్దేరిన మొదటి మలుపులో పెడల్ దిగిపోవడం అందుకే జరుగుతుంది.

ఎప్పుడు మార్చాలంటే, ముందు మీ కారు పుస్తకం చూడండి. చాలా కార్లకు రెండేళ్లని, కొన్నిటికి మూడేళ్లని రాస్తారు, పక్కన కిలోమీటర్ల అంకె కూడా ఉండొచ్చు, ఏది ముందు వస్తే అదే గడువు. పుస్తకంలో మూడని ఉన్నా విశాఖ, భీమిలి, గాజువాక వాళ్లు రెండేళ్లకే మార్చడం మేలని మా అభిప్రాయం. పర్యాటకులను అరకు, లంబసింగి తిప్పే ట్యాక్సీలకు ఏడాదికోసారి మార్చాలి. వానలు తగ్గాక, శీతాకాలపు రద్దీ మొదలయ్యేలోపు, అక్టోబరు నెలాఖరు దీనికి మంచి సమయం. ఆలస్యం చేస్తే ప్రాణభయం ఒక్కటే కాదు, ఖర్చు కూడా. ద్రవంలో తుప్పును ఆపే రసాయనాలు కాలంతోపాటు అయిపోతాయి. ఆ తర్వాత కాలిపర్ పిస్టన్లు, వీల్ సిలిండర్లు, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) యూనిట్‌లోని సన్నని వాల్వులు తుప్పుపడతాయి. ఆయిల్ ఖర్చు కొన్ని వందలు, ఏబీఎస్ యూనిట్ మార్చాల్సివస్తే పదివేలల్లో మాట.

ఏది పోయాలో మాస్టర్ సిలిండర్ మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోయొచ్చు, డాట్ 4 అని ఉన్నచోట డాట్ 3 పోయకూడదు. డాట్ 3, 4, 5.1 ఒకే జాతివి, కలిసినా ప్రమాదం లేదు. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరులో ఒక్క చుక్క తేడాతో వేరే వస్తువు, మీ కారులో పోయకండి. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ పొరపాటున ఒక చెంచాడు పడ్డా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. ఇక కడిగితే సరిపోదు, సీళ్లన్నీ మార్చాలి. సీలు ఉన్న డబ్బానే కొని, మీ ముందే తెరిపించండి. షాపులో సగం వాడి మూత పెట్టిన డబ్బాలోది వద్దు, మీరు మిగిల్చింది కూడా వచ్చే ఏడాదికి దాచకండి.

ఇంట్లో మార్చుకోవచ్చా అన్నారు. జాకీ, స్టాండ్లు వాడిన అలవాటు, సాయానికి మరో మనిషి ఉంటే చేయొచ్చు. అలవాటు లేకపోతే మెకానిక్ చేత చేయించి పక్కన నిలబడండి. ఈ కింద రాసింది రెండు రకాల వాళ్లకూ పనికొస్తుంది.

కావలసినవి: కొత్త ఆయిల్ అర లీటరు డబ్బాలు రెండు, నిపుల్‌కి (చక్రం దగ్గర పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న బోలు స్క్రూ) బిగుతుగా పట్టే పారదర్శకమైన గొట్టం, ఒక ఖాళీ సీసా, పెద్ద సిరంజి, నిపుల్ సైజుకి రింగు స్పానర్ (కార్లకు ఎక్కువగా 8, 10, 11 మిల్లీమీటర్లు), చేతి తొడుగులు, బకెట్టు నీళ్లు. ముందురోజే నాలుగు నిపుళ్లకూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. సముద్రపు గాలికి ఇవి కరుచుకుపోతాయి. లోపల బోలుగా ఉంటాయి కాబట్టి బలవంతం చేస్తే విరుగుతాయి, అప్పుడు కాలిపరే విప్పాలి. మామూలు బలానికి కదలకపోతే అక్కడ ఆగిపోయి మెకానిక్‌కి వదిలేయండి.

సమతలంలో ఆపి చక్రాలకు అడ్డు పెట్టండి, ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్ (మీ కాలి బలాన్ని పెంచే భాగం) ఖాళీ చేయండి. పైన డబ్బాలోని పాతది సిరంజితో చాలావరకు తీయండి, అడుగు రంధ్రాలు తేలకుండా చూసుకుంటూ. మ్యాక్స్ దాకా కొత్తది పోయండి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. మన కుడిచేతి స్టీరింగ్ కార్లలో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ కారు పుస్తకం వేరే వరుస చెబితే అదే పాటించండి.

నిపుల్‌కి స్పానర్, దాని మీద గొట్టం తగిలించి, గొట్టం రెండో కొసను కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా పెట్టండి. లోపల కూర్చున్న మనిషి మెల్లగా తొక్కి పట్టుకోవాలి. మీరు నిపుల్‌ని పావు చుట్టు వదులు చేస్తే పాత ఆయిల్ వస్తుంది, పెడల్ దిగుతుంది. దిగాక ఆ మనిషి "దిగింది" అనాలి. మీరు బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పీల్చుకుంటుంది. పెడల్ కింద ఒక చెక్క దిమ్మ పెట్టండి. ఏడేళ్లుగా మాస్టర్ సిలిండర్లో సీళ్లు తిరగని చివరి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. పెడల్‌ని నేలకి తన్నేలా తొక్కితే సీళ్లు వాటి మీద రాసుకుని చిరుగుతాయి. "ఆయిల్ మార్చాకే మాస్టర్ సిలిండర్ పోయింది" అని జనం వాపోయేది చాలాసార్లు ఈ పనివల్లే.

గొట్టంలో రంగు తేలికపడి, బుడగలు లేకుండా వచ్చేదాకా సాగించండి. వెనక చక్రాలకు తలా 200 నుంచి 250 మిల్లీలీటర్లు, ముందువాటికి 150 దాకా పోతుంది. అయిదారు తొక్కులకోసారి పైన మట్టం చూసి పోస్తూ ఉండాలి. ఒక్కసారి డబ్బా ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లిందంటే, చాలా కార్లలో దాన్ని తీయడానికి స్కానర్ పెట్టి లోపలి పంపు తిప్పాల్సి ఉంటుంది, ఇంట్లో అయ్యే పని కాదు. క్లచ్ కూడా అదే డబ్బా మీద నడిచే కార్లలో క్లచ్ నిపుల్ నుంచీ పాతది తీయించండి. చివర్లో నిపుళ్లు పొట్టి స్పానర్‌తో మణికట్టు బలానికే బిగించి, రబ్బరు టోపీలు తప్పకుండా పెట్టండి. చాలా కార్లకు ఆ టోపీలు ఎప్పుడో రాలిపోయి ఉంటాయి, నిపుల్ తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగి గట్టిగా ఆగాలి. అరనిమిషం నొక్కి పట్టి, నాలుగు చక్రాల దగ్గరా తడి ఉందేమో చూడండి. ఖాళీ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల వేగంలో నాలుగుసార్లు ఆపి చూశాకే బయటికి తీయండి. పెయింట్ మీద పడ్డ ఆయిల్‌ని తుడవకండి, వెంటనే నీళ్లు పోసి కడగండి. పాత ఆయిల్ విషం. కాలవలో పోయకుండా ఆటోనగర్‌లో పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి, మంచినీళ్ల సీసాలో మాత్రం నింపి పెట్టకండి. మెకానిక్ చేత చేయిస్తే ఒక్కటే అడగండి: నాలుగు నిపుళ్లూ తెరుస్తారా? పైన సిరంజితో తీసి పోసేసి మార్చామంటే ఒప్పుకోవద్దు.

కొత్త ఆయిల్ పోసినా ఘాట్ దిగే పద్ధతి మారాలి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే, ఎక్కువచోట్ల రెండు. ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి వదిలేయండి. ఇంజన్ ఎప్పుడూ ఆపకండి, బూస్టర్, స్టీరింగ్ రెండూ బరువెక్కిపోతాయి. ఒకవేళ మళ్లీ పెడల్ దిగిపోతే గబగబా తొక్కుతూ, గేరు ఒక్కొక్కటే తగ్గిస్తూ, చేతి బ్రేకు కొంచెం కొంచెంగా లాగండి. అది తీగతో పనిచేస్తుంది, ఆయిల్ మరిగినా దానికేమీ కాదు. లోయ వైపు కాకుండా కొండ వైపు బండిని ఆపండి.

మీ అబ్బాయి బైక్‌కీ రెండేళ్ల లెక్కే. హ్యాండిల్ మీది చిన్న డబ్బాలో ద్రవం తక్కువ, కాబట్టి పాడవడం కూడా త్వరగానే. 100 మిల్లీలీటర్ల సీసా ఒకటి, జాగ్రత్తకి రెండు సరిపోతాయి. హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా ఉండేలా పెట్టండి, పెట్రోల్ ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి. మూత స్క్రూలు ఉప్పుగాలికి బిగుసుకుని తలలు అరిగిపోతుంటాయి, సరైన సైజు స్టార్ స్క్రూడ్రైవర్‌ని గట్టిగా అదిమి తిప్పాలి. పద్ధతి అదే, పెడల్ బదులు లీవర్. డబ్బా చిన్నది కాబట్టి మూడు నాలుగు నొక్కులకే మట్టం చూసుకోవాలి. మూత పెట్టేముందు దాని కింది రబ్బరు పొరను తుడిచి, మడతలు సరిచేసి, అంచు మెలిపడకుండా కూర్చోబెట్టండి. ఆ అంచు నలిగితే తర్వాతి వానకే నీరు లోపలికి దిగుతుంది.